ఎర్ర బల్బు వెలుగుతుండగా

జూన్ 9

కందిరీగా,

మంచం మీద నుంచి మీ అమ్మ రాస్తోంది. పై అరలో పుస్తకం కోసం స్టూలెక్కి పడ్డాను కదా, తుంటి దగ్గర ఎముకలో చువ్వ వేసి కాలికి కట్టు కట్టారు. పుస్తకం కోసం కాలు విరగ్గొట్టుకున్న మనిషికి ఆ పుస్తకమైనా చేతికివ్వాలా వద్దా? వంటావిడ దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ పై అరలోనే పెట్టింది. అడిగితే "సర్దానమ్మగారూ" అంటుంది.

నీ ఉత్తరం చదివాను, మళ్ళీ చదివాను. బాబు పుట్టాడు. జుట్టూ, కనుబొమలూ, కనురెప్పల వెంట్రుకలూ అన్నీ తెలుపే. దీన్ని ఆల్బినిజం అంటారనీ, ఒంటికి రంగునిచ్చేది వాడిలో తయారు కాదనీ చెప్పి డాక్టరు ఇంకో కేసు ఉందని వెళ్ళిపోయాడు. నువ్వు రాసిన సమాచారం అంతే. తక్కిన కాగితమంతా "ఎందుకిలా అయింది, నేనేం చేశాను" అన్న గోల. నువ్వేం చెయ్యలేదు. తిన్నదీ కాదు, చూసిందీ కాదు. మీ ఇద్దరిలోనూ పైకి కనబడకుండా ఉన్నది వాడిలో కలిసి బయటపడింది. మైనస్సును మైనస్సుతో హెచ్చిస్తే ప్లస్సు వస్తుందని చెప్తే ఏడో తరగతిలో నువ్వు నమ్మలేదు. ఇప్పుడైనా నమ్ము. నా కట్టు చూడడానికి వచ్చిన ఎముకల డాక్టరు చెప్పిన మాట ఇది. "అంతకు మించి నాకు తెలియదమ్మా, నాది ఎముకల వరకే" అన్నాడు. తెలియదని ఒప్పుకున్న డాక్టర్ని ఈ వయసులో చూశాను.

పుట్టగానే అమ్మమ్మ కంటే తెల్లజుట్టు! ఊరి పిల్లలందరికీ లెక్కలు చెప్పి నేను సంపాదించుకున్న నెరిసిన జుట్టును వాడు ఊరికే కొట్టేశాడు. పచ్చి ముల్లంగి.

మీ ఆయన ఊరందరి మొహాలూ తీస్తాడు కదా, నా మనవడి మొహం ఒకటి తీసి పంపమను. ఫోను మాత్రం చేయకు. నా చెవులకు ఫోనంటే తేనెపట్టు రొదే.

కాలు విరిగినా నోరు విరగని,
అమ్మ

జూన్ 24

అమ్మా,

ముల్లంగి అన్నందుకు నీకు జవాబు రాయకూడదనుకున్నాను. కానీ ఆయన చదివి నవ్వారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. అందుకని క్షమించాను.

ముందు గది స్టూడియో, వెనక మేము. వాడు ఏడిస్తే ఫొటోలకొచ్చిన వాళ్ళకు వినబడుతుంది. "ఏడీ, చూద్దాం" అంటారు. చూశాక ఏమీ అనరు, అదే ఎక్కువ. పక్కింటి కుట్టుమిషనావిడ మాత్రం అంది.

"ఏంటమ్మా, పాలల్లో నానబెట్టి తీశావా పిల్లాణ్ణి?"

"పాలల్లో కాదండీ, ప్రస్తుతానికి మీ అందరి నోళ్ళలో నానుతున్నాడు" అన్నాను. నీ కూతుర్నే కదా.

పాస్‌పోర్టు ఫొటోకొచ్చిన ఒక పెద్దమనిషి "ఏమయ్యా, మీవాడు నీ నెగటివ్‌లా ఉన్నాడే" అన్నాడు. నేను లోపలుండి విన్నాను. ఆయన ఫొటో తీసి పంపించేశారు. కడిగి చూస్తే అందులో ఆ మనిషి కళ్ళు మూసుకున్నాడు. మామూలుగా అయితే పిలిచి మళ్ళీ తీస్తారు. తీయలేదు.

కిటికీ తలుపు తీస్తే బాబు కళ్ళు బిగించుకుని గుక్కపట్టి ఏడుస్తాడు. ఏం చేయాలో డాక్టరు చెప్పలేదు. నువ్వు చదివి చెప్పు. నువ్వేం చెబితే అది చేస్తాను.

నీ
కందిరీగ

జూలై 5

కందిరీగా,

వంటావిడను గ్రంథాలయానికి పంపి వైద్య విజ్ఞానకోశం తెప్పించాను. అంత బరువు మోయించినందుకు కూరలో ఉప్పు మానేసి కసి తీర్చుకుంది. పుస్తకం పాతది, అట్ట నా ఎముకలాగే ఊగిసలాడుతోంది. విషయం మాత్రం స్పష్టంగా ఉంది. ఇలాంటి పిల్లల చర్మం ఎండకు ఇట్టే కమిలిపోతుంది. కళ్ళు వెలుగుకు ఓర్చుకోలేవు.

కాబట్టి విను. వెలుగే వాడి శత్రువు. ఎండ పొడ సోకకూడదు. కిటికీలకు దళసరి గుడ్డ కట్టు. నువ్వు మెత్తని మనిషివి, "ఒక్కసారికి ఏమవుతుందిలే" అంటావు. ఒక్కసారి కూడా కాదు. దీనికి మినహాయింపులు లేవు.

ఫొటో ఏది? చెప్పులు కుట్టేవాడి పెళ్ళాం కాళ్ళకు చెప్పులుండవంటారు. అట్లా ఉంది నా సంగతి.

ఉప్పులేని కూడు తింటున్న,
అమ్మ

ఆగస్టు 20

అమ్మా,

ఆలస్యానికి కోప్పడకు. నువ్వు చెప్పిన దానికంటే బాగా చేశాం. మొదట కిటికీలకు దుప్పట్లు కట్టాం. ఈ నెల మొదట్లో ఆయనే వాడికి ఒక గది ఏర్పాటు చేశారు. వెలుతురు చుక్క రాదు. వాడిప్పుడు ఏడవడమే లేదు. నీ ఉత్తరాన్ని ఆయన ఆ గది గోడకు అంటించారు.

పగలంతా వాణ్ణి ఆయనే చూసుకుంటున్నారు. ముందు గది నేను చూస్తున్నాను. ఫొటోలు కూడా నేనే తీస్తున్నాను, నమ్ముతావా? ఒక ముసలాయనకు తల తెగ్గొట్టాను, పాపం టోపీ కొత్తదట. మా ఆయన ఇప్పుడు కెమెరా ముట్టుకోవడం లేదు. భుజం నొప్పి అంటారు. బాబు ఫొటో సంగతి ఇంక ఎత్తకమ్మా. ఆయనకు చిరాకు.

నీ
కందిరీగ

సెప్టెంబరు 2

కందిరీగా,

మీ ఇల్లు నాకు తెలుసు. ముందు గది, పడక గది, వంటగది. మూడింటికీ కిటికీలున్నాయి. వెలుతురు చుక్క రాని నాలుగో గది ఎక్కడ మొలిచింది?

పిల్లవాణ్ణి ముందు గదిలోకి తేవడం లేదు. మీ ఆయన కెమెరా పట్టడం లేదు. ఫొటో మాట ఎత్తితే చిరాకు. మిఠాయి కొట్లో పుట్టి పస్తులున్నట్టు, ఫొటోల వాడింట్లో పుట్టిన బిడ్డకు ఫొటో లేదు. నాకు కూడికలు వచ్చు. మొత్తం ఎంతొచ్చిందో నువ్వే చెబితే బాగుంటుందని ఆగుతున్నాను.

మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. అన్నిటికీ జవాబు రాయాలి, ఛాయిస్ లేదు. ఏ గది? ఇంకో డాక్టరుకు చూపించారా? వాడు నిన్ను చూసి నవ్వుతున్నాడా?

కర్ర పట్టుకుని వసారా దాకా నడిచాను. వంటావిడ చప్పట్లు కొట్టింది. కర్ర నా చేతిలో ఉందన్న సంగతి మరిచింది.

జవాబు కోసం గుమ్మంలో కూర్చున్న,
అమ్మ

సెప్టెంబరు 25

అమ్మా,

జవాబులు.

ఒకటి. డార్క్‌రూమ్. ఆయన ఫొటోలు కడిగే గది. దాన్ని నువ్వు గదిగా లెక్కేసి ఉండవు, సామాన్ల కొట్టనుకుని ఉంటావు. లోపల చిన్న ఎర్ర దీపం ఉంటుంది, ఫొటో కాగితాన్ని ఆ వెలుతురు ఏమీ చేయదు. మందు నీళ్ళ ట్రేలు ఒక పక్క, బాబు ఉయ్యాల ఒక పక్క. వాసనకు ఫ్యాను పెట్టారు. బయట గుమ్మం మీద ఇంకో ఎర్ర బల్బు ఉంది. అది వెలిగితే ఎవరూ తలుపు తీయకూడదు. సందులోంచి వెలుతురు పడితే చాలు, కాగితాలన్నీ నల్లబడి పాడవుతాయి. ఆ తలుపుకు గడియ లేదు, బల్బే గడియ. నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ ఒక్కసారీ దాటలేదు. ఇప్పుడు బల్బు ఆరినప్పుడు వెళ్ళి పాలిచ్చి వస్తున్నాను.

రెండు. చూపించలేదు. డాక్టర్లు కళ్ళలోకి టార్చి కొడతారు, వద్దంటున్నారు ఆయన.

మూడు. నా గొంతు వింటే నవ్వుతాడు. చూసి కాదు. వాడి కళ్ళు నిలవవమ్మా. గోడ గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. కుట్టుమిషనావిడ మనవరాలు వాడి ఈడుదే. గిలక ఎటు తిప్పితే అటు తల తిప్పుతుంది. మనవాడి మొహం ముందు చెయ్యి ఊపి చూసేదాన్ని. ఇప్పుడు ఊపడం మానేశాను.

వాడికి చూపు లేదేమో. ఈ మాట రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

ఆయన్ని ఏమీ అనకు. వెలుగు శత్రువని రాసింది నువ్వు. ఒక్కసారి కూడా కాదని రాసింది నువ్వు. మేం చెప్పింది చేశాం.

నీ కూతురు

అక్టోబరు 3

కందిరీగా,

ఈ ఉత్తరం నిలబడి చదువు, చదివిన వెంటనే కదులు.

నీ జవాబులు చదివి ఎముకల డాక్టర్ని వదల్లేదు. అతను ఒక కంటి డాక్టర్ని వెంటబెట్టుకొచ్చాడు. నడివయసావిడ, మొహమాటం లేని మనిషి. నేను రాసింది చెప్తే "ఎవరండీ అంత తెలివైన సలహా ఇచ్చింది?" అంది. "ఎదురుగా కూర్చుంది" అన్నాను.

ఎండ వేరు, వెలుగు వేరు. మండే ఎండ తగలకుండా టోపీ, నిండు చేతుల చొక్కా, రంగు కళ్ళద్దాలు చాలు. మామూలు వెలుతురు వాడికి అన్నం లాంటిది. పసివాడి కన్ను చూసి చూసి చూడడం నేర్చుకుంటుందట. ఈ నెలలే దానికి బడి. చీకట్లో పెడితే వాడికున్న కొద్దిపాటి చూపు కూడా పని నేర్చుకోదు. కళ్ళు ఊగినంత మాత్రాన చూపు లేనట్టు కాదు, ఎంతుందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. "రేపంటే రేపే బయటికి తీసుకురమ్మనండి" అంది. వెలుగే శత్రువని నేను రాసిన ఆ వాక్యం మీరిద్దరూ కొట్టేయండి. పాత పుస్తకంలో సగం చదివి మిగతా సగం నా గొంతుతో నింపాను. తప్పు నాది.

కానీ నా ఉత్తరంలో కిటికీలకు గుడ్డ కట్టమని ఉంది, మనిషిని మూసిపెట్టమని లేదు. డార్క్‌రూమ్ ఆలోచన మీ ఆయనది. నువ్వు చెప్పలేకపోతున్న మొత్తం నేనే వేస్తాను. అతనికి సిగ్గు. ఊళ్ళోవాళ్ళ మచ్చలు దిద్ది అందంగా అచ్చువేసే మనిషికి తన బిడ్డ పాడైన ప్రింటులా కనబడ్డాడు. పాడైన ప్రింట్లను ఎవరి కంటా పడకుండా లోపలే పెడతారు కదా! నీ మొగుడు చేసింది అదే. నీకు కోపం వస్తే రానీ. ముందు ఆ తలుపు తియ్యి.

అమ్మ

అక్టోబరు 12

అమ్మా,

నీ ఉత్తరం నాకంటే ముందు ఆయన చేతికి అందింది. చదివారు. నా చేతిలో పెట్టి, డార్క్‌రూమ్‌లోకి వెళ్ళి బయటి ఎర్ర బల్బు వేశారు. బాబు లోపలే ఉన్నాడు.

నేను నిలబడే చదివాను. చదివి తలుపు దగ్గరికి వెళ్ళాను.

"ఏమండీ, బయటికి రండి. బాబును తీసుకురండి."

"బల్బు చూడట్లేదా? బడి పిల్లల గ్రూపు ఫొటోలు ట్రేలో ఉన్నాయి. అన్నీ పోతాయి."

"పోనీండి."

"మీ అమ్మ రాసిందాంట్లో సగం నిజం. వాణ్ణి పాడుచేసింది నేనే. వెళ్ళు!"

ఆ మాట అర్థం కాలేదు. లోపల బాబు కూనిరాగం తీస్తున్నాడు, వాడికి ఆయన గొంతంటే ఇష్టం. నా చెయ్యి తలుపు మీద ఉంది కానీ తోయలేకపోయింది. ఇన్నేళ్ళ అలవాటు, ఎర్ర బల్బు వెలిగితే నా చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది. నువ్వైతే కర్రతో తోసేదానివి. నేను కళ్ళు మూసుకుని భుజంతో తోశాను.

మిట్టమధ్యాహ్నం. పెరటి గుమ్మంలోంచి వెలుతురు సూటిగా లోపల పడింది. ఆయన "మూసెయ్యి!" అని అరిచి ట్రేల మీదికి కాదు, ఉయ్యాల మీదికి ఒంగారు, వీపు అడ్డం పెట్టి. ట్రేలో పిల్లలందరూ ఒక్కసారిగా నల్లబడిపోయారు. ఆయన అటు చూడను కూడా లేదు.

అప్పుడు చెప్పారు. నువ్వు ఫొటో ఫొటో అంటున్నావని ఆగస్టు మొదట్లో నేను స్నానానికి వెళ్ళినప్పుడు బాబును ఒళ్ళో పెట్టుకుని, మొహానికి దగ్గరగా ఫ్లాష్ వేసి తీశారట. వాడు ఉలిక్కిపడి ఏడ్చాడట. ఆ సాయంత్రమే ఆయన వాడి కళ్ళు ఊగడం మొదటిసారి గమనించారు. అంతకుముందు లేదు. లోపలికెళ్ళి నీ ఉత్తరం మళ్ళీ చదువుకున్నారు. ఒక్కసారి కూడా కాదని ఉంది. "ఆ ఒక్కసారి నేను చేశాను" అన్నారు. "కాగితానికైతే ఇంకో కాగితం ఉంది. వీడికి ఇంకో కళ్ళెక్కడివి?"

సిగ్గు కాదమ్మా. నువ్వు లెక్క తప్పావు.

గురువారానికి కంటి ఆసుపత్రిలో చీటీ దొరికింది. ఆయన వస్తానని గానీ రానని గానీ అనడం లేదు. బాబును నేను పడక గదిలో పెట్టుకున్నాను, కిటికీకి పల్చటి తెర కట్టి.

కూతురు

అక్టోబరు 18

కందిరీగా,

గురువారం అయిపోయి ఉంటుంది. నీ ఉత్తరం ఇంకా రాలేదు. తపాలా మనిషి సైకిలు బెల్లు మా వీధిలో నాకు తప్ప అందరికీ వినబడుతుందని గేటు దగ్గరే కుర్చీ వేయించుకున్నాను. వంటావిడ "ఎండలో కూర్చోకండి" అంటోంది. సలహాలు చెప్పవద్దన్నాను, ఇంట్లో సలహాలు ఎక్కువై కొంపలు మునిగాయని చెప్పాను.

కింద రాసింది మీ ఆయనకు. చదివి వినిపించకు, చేతికివ్వు.

అల్లుడుగారూ,

మీ చేత ఆ ఫొటో తీయించింది నేను. ఒక్కసారి కూడా కాదని బెదిరించింది నేను. ఆ రెంటి మధ్యా మిమ్మల్ని నిలబెట్టి, సిగ్గుపడుతున్నారని తిట్టిందీ నేనే. మీ గురించి నాకు తెలిసింది ఇప్పుడు ఒక్కటే. వెలుగు పడ్డప్పుడు మీరు పనిని వదిలి బిడ్డకు అడ్డం వెళ్ళారు. మిగతా అంతా నేను ఊహించుకున్నది. మన్నించమని అడగడం నాకు అలవాటు లేదు. నేర్చుకుంటున్నాను, దస్తూరీ బాగులేకపోతే సర్దుకోండి.

గురువారం వెళ్ళకపోయి ఉంటే, ఇప్పుడైనా ఆసుపత్రికి మీరు వెళ్ళండి. కందిరీగ వెళ్ళడం వేరు, మీరు వెళ్ళడం వేరు. ఫ్లాష్ సంగతి మీ నోటితో డాక్టర్ని అడగండి. జవాబు ఏదైనా సరే, చీకట్లో కూర్చుని మీరు చెప్పుకునేదానికంటే నయంగానే ఉంటుంది.

అత్తగారు

నవంబరు 9

అమ్మా,

గురువారం ఆయన రాలేదు. నేనొక్కదాన్నే తీసుకెళ్ళాను. డాక్టరు చుక్కలు వేసి పరీక్షలు చేసి, ఇంకోసారి రమ్మన్నాడు. అతను సరిగ్గా చెప్పకుండా నీకు ఏం రాయను? రెండోసారికి నీ ఉత్తరం వచ్చింది. ఆయన చొక్కా మార్చుకుని గుమ్మంలో నిలబడ్డారు. దారంతా బాబు టోపీ సరిచేస్తూనే ఉన్నారు.

డాక్టరు కుర్రవాడు. మీ అల్లుడే నోరు తెరిచి ఫ్లాష్ సంగతి అడిగారు.

"ఫ్లాష్ వల్లా?" అని డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "కాదండీ. ఇలాంటి పిల్లలకు రెండు మూడు నెలలకు కళ్ళు ఊగడం మొదలవుతుంది. మీరు ఆ రోజు ఇంట్లో లేకపోయినా మొదలయ్యేదే."

"అంతకుముందు లేదండీ, నేను చూశాను."

"అందుకే మొదలవుతుందన్నాను."

తర్వాతి మాట నేను అడిగాను, చీకటి గది గురించి. అది మాత్రం మంచిది కాదన్నాడు, ఎంత వెనకబడ్డాడో ఇప్పుడే చెప్పలేనన్నాడు, తీసుకొచ్చారు కాబట్టి పని మొదలుపెడదామన్నాడు. బాబుకు చూపు ఉందమ్మా. ఉంది. తక్కువే. దూరంవి ఎప్పటికీ సరిగా కనబడవు, కళ్ళద్దాలు వేసినా పూర్తిగా రాదు, బళ్ళో బోర్డు చదవడం కష్టం. దగ్గరివి చూస్తాడు. జానెడు దూరంలో మొహం పెట్టి మాట్లాడమన్నాడు, రోజూ, ఎంతసేపైతే అంతసేపు.

నాకు మొదటి రోజుల్లో ఏమీ తెలియలేదు. కళ్ళు ఊగేవి, మొహం మీదుగా వెళ్ళిపోయేవి. నిన్న ఆయన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, ఒంగి మొహం దగ్గరగా పెట్టి. బాబు తల మెల్లగా ఎడమకు వంచాడు. అలా వంచితే ఊపు కొంచెం నెమ్మదిస్తుందట, కొందరు పిల్లలు తమంతట తామే ఆ చోటు వెతుక్కుంటారట. వాడి కళ్ళు నెమ్మదించాయి, నెమ్మదించాయి, ఆయన మీసం దగ్గర ఆగాయి. అందరినీ తల ఇటు తిప్పండి అటు తిప్పండి అనే మనిషి, ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నారు. వాడు చూసినంతసేపూ కదల్లేదు. మెడ పట్టేసింది, ఇవాళ నేనే నూనె రాశాను.

ఫొటో ఇంకా తీయలేదు. అడగకు. ఆయనే తీస్తారు, వెలుతురున్న రోజున, ఫ్లాష్ లేకుండా.

నీ
కందిరీగ

నవంబరు 16

కందిరీగా,

నీ ఉత్తరం వంటావిడకు చదివి వినిపించాను. కళ్ళు తుడుచుకుంది. కూరలో ఉప్పు కూడా వేసింది, రెండుసార్లు.

తక్కువ చూపు అన్నావు. ముందు వరసలో కూర్చుంటాడు, అంతే. బోర్డు వాడి దగ్గరికి రాకపోతే వాడు బోర్డు దగ్గరికి వెళ్తాడు. వెళ్ళనివ్వని టీచరెవరైనా ఉంటే పేరు రాసి పంపు. వాడు వెనకబడ్డ ఆ నెలల సంగతి మాత్రం నాకు నిద్రపట్టనివ్వడం లేదు. పట్టకపోతేనేం, ముసలిదానికి నిద్రెందుకు?

ఫొటో నాకక్కర్లేదు. కర్రతో వీధి చివరి దాకా నడిచాను, కాబట్టి బస్సు కూడా ఎక్కగలను. వచ్చే సోమవారం ఎక్కుతున్నాను. అల్లుడుగారిని స్టాండుకు రమ్మను, ఆయన మెడ బాగుపడితే.

వచ్చి చేసే పని ఒకటే. ముల్లంగిని ఒళ్ళో పెట్టుకుని, జానెడు దూరంలో నా మొహం పెట్టి కూర్చుంటాను. ఈ మొహాన్ని అంత దగ్గరగా చూసి ఏడవని పిల్లవాణ్ణి నా ఉద్యోగకాలంలో నేను ఎరగను. ఏడిస్తే ఎవరూ ఎత్తుకోవద్దు. ఏడ్చాడంటే చూసినట్టే.

అమ్మ